ఇద్దరు దర్జీల లెక్క

సంక్రాంతి సెలవుల్లో మా ఆపా ఇంటికి కొడవలూరు వెళ్లాను. నెల్లూరులో పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా హైవే పట్టుకుంటే ఎంతో దూరం కాదు. రోడ్డుకి రెండు పక్కలా వరి పచ్చగా ఉంది. మా దుల్హేభాయ్ దర్జీ. ఇంటి వరండాలోనే మిషను పెట్టుకుని కుడతారు. నా భాంజీ పదో తరగతి. మార్చిలో పరీక్షలు. నేను చాయ్ తాగుతుంటే లెక్కల నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పడేసి, "మేరేకు మేథ్స్ నక్కో మామూ" అంది.

నక్కో అంటే ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోనని. అసలు సంగతి తర్వాత వంటింట్లో ఆపా చెప్పింది. పదో తరగతితో చదువు చాలనీ, ఇంట్లో కూచుని చీరలకి ఫాల్, పికో చేస్తే నాలుగు డబ్బులు వస్తాయనీ దుల్హేభాయ్ ఇరాదా. పిల్లకి లెక్కలంటే ఖౌఫ్. కాబట్టి ఆ ఇరాదాకి ఎదురు చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. పిల్ల కూడా చెప్పదు.

నోటుబుక్కు తిరగేశాను. ఒక పేజీలో గ్రాఫు కాగితం అంటించి ఉంది. మన రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో, బహుపదుల పాఠంలో ఉన్న లెక్కే అది. ఎక్స్ స్క్వేర్ మైనస్ మూడు ఎక్స్ మైనస్ నాలుగు. పక్కన టేబుల్ శుభ్రంగా ఉంది. ఎక్స్ మైనస్ 2 అయితే 6, మైనస్ 1 అయితే 0, సున్న అయితే మైనస్ 4, ఒకటి అయితే మైనస్ 6, రెండు అయినా మైనస్ 6, మూడు అయితే మైనస్ 4, నాలుగు అయితే 0, అయిదు అయితే 6. ఒక్క తప్పు లేదు. చుక్కలు కూడా సరైన చోటే పెట్టింది. వాటిని స్కేలు పెట్టి కలిపింది. రెండు మైనస్ ఆరుల మధ్య అడ్డంగా ఒక గీత. బొమ్మ అడుగు గిన్నెలా గుండ్రంగా రావాల్సింది పోయి, పశువుల తొట్టిలా చదునుగా వచ్చింది.

"ఒకటికీ రెండుకీ మధ్యలో ఏముంది బేటీ?" అన్నాను.

"ఏమీ లేదు మామూ. టేబుల్‌లో లేదు గదా" అంది. కొంచెం కోపంగా, "సార్ రైట్ డాలే నా!" అని పక్కనున్న ఎర్ర టిక్కు చూపించింది.

ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. ఒక్కో సెక్షన్‌లో అంతమంది పిల్లల నోటుబుక్కులు దిద్దే ఆ ఉస్తాద్ మీద నాకు శికాయత్ కూడా లేదు. ఆ టిక్కు టేబుల్‌కి పడింది. కానీ ఆ జవాబు మాత్రం నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. "టేబుల్‌లో లేదు, కాబట్టి మధ్యలో ఏమీ లేదు." పిల్ల చుక్కలు నేర్చుకుంది. వంపు ఉందని దానికి ఎవరూ చూపించలేదు.

ఈ విషయం మీద రాయడానికి నాకేం హక్కు ఉందని మీరు అడగొచ్చు. నేను లెక్కల మాస్టర్ని కాను. లెక్కల నుంచి భాగిపోయిన వాణ్ణి. ఉర్దూ మీడియంలో చదివాను. క్లాసులో ఉస్తాద్ 'మురబ్బా' అంటే నాకు మామిడికాయ మురబ్బా గుర్తొచ్చేది. ఆయన చెప్పేది చతురస్రం గురించి. తర్వాత 'దో దర్జీ ముసావాత్' వచ్చింది. దర్జా అంటే మెట్టు, స్థాయి. రెండో స్థాయి సమీకరణం అని దానర్థం. నాకు మాత్రం బట్టలు కుట్టే దర్జీలే కనబడేవారు. ఇద్దరు దర్జీలకి ముసావాత్ ఏమిటో, ఎవరు ఎవరితో సమానమో అర్థం కాక, పక్కవాడి నోటుబుక్కు చూసి రాసేవాణ్ణి. ఆ తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అప్పుడు తెలిసింది, దాన్నే వర్గ సమీకరణం అంటారని. ఉర్దూలో ముకాఫీ అన్నది తెలుగులో పరావలయమనీ, ఇంగ్లీషులో పారాబోలా అనీ. మూడు పేర్లు నోటికొచ్చాయి. ఆ మూడు పేర్లున్న వస్తువు మాత్రం ఒక్కసారి కూడా నా కళ్లముందుకి రాలేదు.

నా భాంజీకి పరిస్థితి ఇంకా కష్టం. ఇంట్లో మా దఖ్నీ. వీధిలో తెలుగు. బడిలో ఇంగ్లీషు మీడియం. పుస్తకం ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. పిల్లలకి ఆసరాగా ఉంటుందని పెట్టిన ఏర్పాటే అది, నేను కాదనను. కానీ వస్తువు చూడని పిల్లకి దాని పేరు రెండు భాషల్లో చెప్తే, తెలియని మాటలు రెండవుతాయి తప్ప తెలిసింది ఒకటి కాదు. వస్తువు ముందు రావాలి. పేర్లు తర్వాత ఎన్నయినా రావచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పదలిచిందంతా ఇదే.

ఖైర్, మర్నాడు ఏం చేశామో చెప్తాను.

ముందు ఆ గ్రాఫునే తీసుకున్నాం. దుల్హేభాయ్ జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నారు. మెడ కత్తిరించేటప్పుడు ఆయన ఏం చేస్తారో చూడమన్నాను. గుడ్డని సరిగ్గా మధ్యకి మడతపెట్టి, ఒక్కవైపే సుద్దతో గీసి, ఒక్కసారే కత్తెర వేశారు. విప్పితే రెండు వైపులా ఒకటే. "ఇప్పుడు నీ గ్రాఫుని అలా మడవగలవా?" అన్నాను. పిల్ల కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మైనస్ 1 దగ్గరి చుక్క 4 దగ్గరి చుక్క మీద పడేలా మడిచింది. 0 దగ్గరిది 3 మీద పడింది. 1 దగ్గరిది 2 మీద పడింది. మడత ఎక్కడ పడిందో చూడమన్నాను. ఒకటిన్నర దగ్గర. టేబుల్‌లో లేని చోట. "అయితే అక్కడ ఎంతుంటుంది?" అని నేను అడగలేదు. అదే అడిగింది. అదే లెక్క కట్టింది. రెండుంపావు, అందులోంచి నాలుగున్నర తీసి, ఇంకో నాలుగు తీస్తే మైనస్ ఆరుంపావు. తొట్టి అడుగున ఇంకో పావు లోతు ఉంది. రబ్బరు తెచ్చి ఆ అడ్డగీత చెరిపేసింది.

సౌష్ఠవాక్షం అనేది ఆ మడతే. ఆ మాట అప్పుడు చెప్పాను. పిల్ల పలికింది, భయపడలేదు. ఇద్దరు దర్జీల కథ కూడా అప్పుడే చెప్పాను. దుల్హేభాయ్ మిషను ఆపి మరీ నవ్వారు.

రెండో పని నీళ్లతో. ఒక మీటరు పొడవు కర్ర తీసుకున్నాం. ఇరవై సెంటీమీటర్లకి ఒకటి చొప్పున నాలుగు దారాలు కట్టాం. దారాల పొడవులు 5, 20, 45, 80 సెంటీమీటర్లు. దారం కొసన బరువుకి ఒక్కో గుండీ. దర్జీ ఇంట్లో దారానికీ గుండీలకీ కొదవేముంది? పెరట్లో కుళాయికి ప్లాస్టిక్ పైపు తగిలించి, పిట్టగోడ మీద నిలబడి కర్రని అడ్డంగా పట్టుకున్నాను. పిల్ల పైపు మూతిని కర్ర మొదట్లో ఆనించి, నీళ్లు కర్ర వెంబడే పోయేలా పట్టింది. కుళాయి తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒకచోట నీటి ధార మొదటి గుండీనీ, రెండోదాన్నీ, మూడోదాన్నీ, నాలుగోదాన్నీ వరసగా తాకుతూ కిందికి వంగింది. పిల్ల చప్పట్లు కొట్టబోయి పైపు వదిలేసింది. ఇద్దరం తడిసిపోయాం.

ఇందులో జాదూ ఏమీ లేదు. నీరు ముందుకి సమానమైన వేగంతో పోతుంది. కిందికి మాత్రం కాలం వర్గాన్ని బట్టి పడుతుంది. రెట్టింపు కాలంలో నాలుగు రెట్లు, మూడు రెట్ల కాలంలో తొమ్మిది రెట్లు. 5, 20, 45, 80 అంటే అయిదు ఒకట్లు, అయిదు నాలుగులు, అయిదు తొమ్మిదులు, అయిదు పదహార్లు. విసిరిన వస్తువు పరావలయంలో పోతుందని గెలీలియో 1638లో అచ్చు వేయించిన సంగతి ఇదే. ఇంకో తమాషా ఉంది. నీటి జోరు మార్చకుండా కర్రని పైకి వాల్చి పట్టినా, గుండీలు నీటి ధారని వదలవు. ఇది చేసి చూడండి. చెప్తే నమ్మబుద్ధి కాదు.

నీళ్లకి మీడియం లేదు జనాబ్. అవి ఉర్దూలో పడవు, తెలుగులో పడవు, ఇంగ్లీషులో పడవు. సాయంత్రం పొలాల వైపు నడిచినప్పుడు ఒక బోరు పైపు లోంచి నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నీళ్లే. పిల్ల ఆగి, వేలితో ఆ వంపుని గాలిలో గీసింది.

మూడో పని తాడుతో. 24 జానల తాడు తీసుకుని రెండు కొసలు ముడివేసి, నేల మీద దీర్ఘచతురస్రాలు పరిచాం. "తాడు అదే గదా, లోపలి జాగా కూడా అంతే ఉంటుంది" అంది పిల్ల. వేసి చూడమన్నాను. ఒక జాన వెడల్పయితే పొడవు 11, జాగా 11. రెండు జానలయితే 20. తర్వాత 27, 32, 35, 36. అక్కడి నుంచి మళ్లీ 35, 32, 27, 20, 11. గ్రాఫు మీద పెడితే బోర్లించిన గిన్నె. ఈసారి స్కేలు తియ్యలేదు.

అప్పుడు పిల్ల ఒకటి కనిపెట్టింది. నేను చెప్పింది కాదు, వల్లాహ్. "మామూ, తొమ్మిది పెరిగింది, ఏడు పెరిగింది, అయిదు, మూడు, ఒకటి. రెండేసి తగ్గుతోంది." దారాల పొడవులు చూడమన్నాను. సున్న నుంచి 5, అక్కడి నుంచి 15, 25, 35. పదేసి పెరుగుతోంది. నోటుబుక్కులో పాత టేబుల్ చూడమన్నాను. మైనస్ 6, మైనస్ 4, మైనస్ 2, సున్న, 2, 4, 6. రెండేసి. తేడాల మధ్య తేడా మారకుండా ఉండటమే ఈ రెండో దర్జా లెక్కల వేలిముద్ర. పిల్ల దాన్ని సూత్రంగా కంఠస్థం చేయలేదు. తాడులో, దారంలో, తన తప్పు గ్రాఫులో మూడుచోట్ల పట్టుకుంది. ఆ సున్న తేడా దగ్గరే తను అడ్డగీత గీసింది.

నాలుగోది ఫోను. కావాలనే దాన్ని చివర పెట్టాను. జియోజీబ్రా అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో దాని పని మొదలుపెట్టారు. అందులో ఏ, బీ, సీ అని మూడు మీటలు పెట్టుకుని వేలితో జరపొచ్చు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ లోనూ ఇలాంటి బొమ్మలే ఉన్నాయి, అవీ ఉచితమే. మేం ఒక షర్త్ పెట్టుకున్నాం. మీట జరిపేముందు ఏమవుతుందో నోటితో చెప్పాలి. ఏ పెంచితే? "ఇరుకవుతుంది." అయింది. మైనస్ చేస్తే? "బోర్లాపడుతుంది." పడింది. సీ పెంచితే? "పైకి పోతుంది." పోయింది. బీ మారిస్తే? "పక్కకి పోతుంది." పక్కకి పోయింది, కానీ కిందికి కూడా జారింది. పిల్ల ముఖం చూడాలి ఆ క్షణాన. మళ్లీ మళ్లీ జరిపింది. గిన్నె అడుగు కొస వెళ్లిన దారి మీద చుక్కలు పెడితే, అది బోర్లించిన ఇంకో పరావలయం. నిజం చెప్తున్నా, ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నలభై దాటాక.

ఇక అసలు మాట. మన దగ్గర 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచారు. 2023లో హైస్కూళ్ల గోడలకి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. గోడ మీద నల్లబల్లకి కూడా దిక్కులేని బడులు చూసిన వాణ్ణి, వాటిని తీసిపారేయను. కానీ విలేఖరిగా నేను కూర్చున్న ఒక తరగతిలో ఆ ప్యానెల్ మీద పరావలయం వీడియో నడిచింది. రంగులు, సంగీతం, ఇంగ్లీషులో గొంతు. నలభై నిమిషాల్లో ఒక్క పిల్ల కూడా లేచి ఆ తెరని తాకలేదు. అది టచ్ ప్యానెల్ కాదు, సినిమా హాలు. పిల్ల ఏదో ఒకటి మార్చాలి, మార్చేముందు అందాజా వెయ్యాలి, ఆ అందాజా తప్పాలి, ఎందుకు తప్పిందో తన మాటల్లో చెప్పాలి. ఈ నాలుగూ ఉంటే కొబ్బరిపీచు తాడు కూడా చాలు. ఈ నాలుగూ లేకపోతే లక్షల తెర కూడా గోడ మీద క్యాలెండరే.

దీనికి ఉస్తాద్‌ల జవాబు నాకు తెలుసు. చాలామంది నా దోస్తులే. "సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు? పరీక్షలో తాడు అడుగుతారా?" అంటారు. సహీ బాత్. పరీక్షలో తాడు అడగరు. కానీ మధ్యబిందువు, మూలాలు అడుగుతారు. దారాలకి ఒక పీరియడ్, తాడుకి ఒక పీరియడ్. ఆ రెండు పీరియడ్లు మిగుల్చుకుని, తర్వాత నెలంతా అదే సూత్రాన్ని పదిసార్లు వల్లె వేయించడంలో ఏం లాభమో వాళ్లే హిసాబ్ వేసుకోవాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆట మాత్రమే ఆడిస్తే లెక్కలు రావు. నీళ్లలో తడిశాక కాగితం మీదకి రావాలి. కారణాంకాలు విడగొట్టడం, వర్గం పూర్తి చేయడం, విచక్షణి చూడటం, ఇవన్నీ మెహనత్ చేస్తేనే వస్తాయి. ఆ మెహనత్ దేనికోసమో తెలిసి చేయడమే తేడా. అలాగే కనిపించిన ప్రతి వంపునీ పరావలయం అని పిల్లలకి చెప్పకండి. స్తంభాల మధ్య వేలాడే కరెంటు తీగ అలాగే కనబడుతుంది, కానీ దాని లెక్క వేరు. మసీదు మెహ్రాబ్ మీది కొసదేరిన కమాను మామూలుగా వృత్తాల ముక్కలతో గీసేది. మేడ మీద డిష్ యాంటెన్నా మాత్రం పరావలయం వంపే. అనుమానం వస్తే పిల్లల చేత కొలిపించండి. తేడాల తేడా ఇన్సాఫ్ చెప్తుంది.

ఇప్పుడు మన వాళ్లతో ఒక మాట. మన జల్సాల్లో, వాట్సాప్‌లో అల్ ఖ్వారిజ్మీ పేరు వినని నెల ఉండదు. బగ్దాద్‌లో సుమారు 820లో ఆయన రాసిన కితాబు పేరులోని 'అల్ జబ్ర్' నుంచే అల్‌జీబ్రా పుట్టింది. ఫఖర్ ఉండాల్సిందే. కానీ ఆయన ఏం చేశాడో మన పిల్లలకి ఎవరైనా చేసి చూపించారా? ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకి పది రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య ఏది? ఆయన బొమ్మ గీశాడు. ఒక చతురస్రం. దాని రెండు పక్కల అయిదేసి వెడల్పున రెండు పట్టీలు. మూల దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో అయిదు అయిదుల ఇరవై అయిదు ముక్క అతికిస్తే పెద్ద చతురస్రం పూర్తవుతుంది. 39కి 25 కలిపితే 64. దాని భుజం 8. అందులోంచి 5 తీస్తే 3. దుల్హేభాయ్ దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలతో పది నిమిషాల్లో చేశాం దీన్ని. అతుకు వేయడమే గదా, దర్జీ పనే. ఆయనకన్నా ముందే, 628లో, మన బ్రహ్మగుప్తుడు ఇలాంటి సమీకరణాలకి పద్ధతి చెప్పాడు. ఈ ఇల్మ్ ఏ ఒక్కరి జాగీరూ కాదు. పేర్లు చెప్పుకుని గర్వపడటం ఆస్తి పత్రాలు చూపించుకోవడం లాంటిది. పొలం దున్నితేనే పంట.

జబ్ర్ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి బలవంతం. ఇంకోటి విరిగినదాన్ని మళ్లీ అతికించడం, ఎముక కట్టడం. ఖ్వారిజ్మీ రెండో అర్థంలో వాడాడు. మనం పిల్లలకి మొదటిదే రుచి చూపిస్తున్నాం.

మసీదు కమిటీల వాళ్లకి నా గుజారిష్. వేసవిలో పిల్లలకి నాలుగు వారాల తాలీమ్ పెడుతుంటారు గదా. అందులో వారానికి ఒక గంట తాడుకీ, దారానికీ, కాగితానికీ ఇవ్వండి. ముఖ్యంగా పదో తరగతి దాటని మన ఆడపిల్లలకి. వాళ్లు లెక్కల్లో వెనకబడి చదువు మానుతున్నారో, ఎలాగూ మానాల్సిందేనని లెక్కలు వదిలేస్తున్నారో, నాకు ఇంకా తేలలేదు. రెండూ ఒకదానికొకటి దారి చూపిస్తున్నాయని మాత్రం ఆ ఇంట్లో చూశాను.

బయల్దేరే రోజు పొద్దున పిల్ల కొత్త గ్రాఫు చూపించింది. చేత్తో గీసింది. కొంచెం వంకరగానే ఉంది. అడుగున ఒకటిన్నర దగ్గర, ఆరుంపావు లోతున, ఒక చుక్క ఎర్ర పెన్నుతో పెట్టుకుంది. ఎం.పి.సి. గురించి నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

బస్సు ఎక్కించడానికి దుల్హేభాయ్ హైవే దాకా వచ్చారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. బస్సు కనబడుతుండగా అడిగారు. "యే ఎం.పి.సి. కు ఖర్చా కిత్తా ఆతా?"